మావయ్య మంచినీళ్లు మానేసిన సంగతి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవెనలు.

మా వీధి తవ్వి, గుమ్మం ముందు బూడిద కుప్పలు పోశారు. ఇదేంటయ్యా అంటే, "కరెంటు ఫ్యాక్టరీ బూడిదండీ. మీ మేనల్లుడుగారే పొయ్యమన్నారు" అన్నాడు మేస్త్రీ. ముప్పై ఏళ్లు ఆ బాయిలరు దగ్గర పీల్చిందే ఇంకా దగ్గుతున్నాను. రిటైరయినా వదలకుండా ఇంటికి పంపించావా? నీకేం అపకారం చేశాన్రా?

– నీ మావయ్య

తా.క. మీ అత్తయ్య కిటికీలన్నీ మూసేసింది. ఇద్దరం చీకట్లో దగ్గుతున్నాం.

---

మావయ్యగారికి నమస్కారాలు.

కంగారు పడకండి. మీ వీధి నేల మెత్తన, రోడ్డు వేస్తే కుంగిపోతుంది. అందుకని అడుగున ఆ బూడిదలో సున్నం కలిపి, నీళ్లు పోసి, రోలరుతో తొక్కిస్తాం. నెల తిరిగేసరికి రాయిలా బిగుసుకుంటుంది. గునపం వేసినా ఊడిరాదు.

– మీ ఇంజనీరు అల్లుడు

తా.క. బూడిదకి దాహం ఎక్కువ. ఎంత నీళ్లు తాగితే అంత గట్టి.

---

ఒరేయ్ అల్లుడూ,

నీ ఉత్తరం చదివిన రోజు నుంచి మంచినీళ్లు మానేశాను. నా ఛాతీలో ఉన్నదీ ఆ బూడిదేగా! అత్తయ్య గ్లాసు పట్టుకుని వెంటపడితే "నన్ను రాయి చేస్తావా?" అని కసిరాను. పాపం, ఏడ్చింది. నిన్న కళ్లు తిరిగి మెట్ల మీద కూలబడ్డాను.

ఇంకో ఘోరం. మోకాళ్ల నొప్పులకి వేసుకునే బిళ్లలేంటని మందుల షాపులో అడిగాను. "కాల్షియమండీ, సున్నం లాంటిదే" అన్నాడు. ఆర్నెల్లుగా మింగుతున్నాను! ఇక రోలరొక్కటే తక్కువ.

– మావయ్య

తా.క. ఎడమ పక్క అప్పుడే బిగిసినట్టుంది.

---

మావయ్యా,

మీ కాళ్లు పట్టుకుంటాను, నీళ్లు తాగండి. ఒంట్లో అలా బిగుసుకోదు. వెంటనే ఎక్స్‌రే తీయించుకోండి. రోడ్డు గురించి మాత్రం దిగులొద్దు. నెల దాటింది, గుమ్మం ముందు వేలితో పొడిచి చూడండి. పరీక్షలన్నీ పాసయిందని నేనే సంతకం పెట్టాను.

– మీ అల్లుడు

తా.క. నీళ్లు తాగారో లేదో అత్తయ్య చేత రాయించండి. మిమ్మల్ని నమ్మను.

---

అల్లుడూ,

పొడిచాను. మణికట్టు దాకా దిగింది. ఇన్నాళ్లూ భయంతో చేత్తో ముట్టుకోలేదు గానీ, పిడికెడు తీసి నాలుక మీద వేసుకుంటే తెలిసిపోయింది. ముప్పై ఏళ్లు మింగినవాణ్ణి, ఆ రుచి నాకు తెలీదా? అందులో చిటికెడు బూడిద లేదురా. ఉత్త బురదమట్టి. మేం కిటికీలు మూసుక్కూర్చున్నప్పుడు ఆ కుప్పలు ఎత్తుకుపోయినట్టున్నారు.

మొన్నటి వానకి పాల వ్యాను ఇరుసు దాకా కూరుకుపోయింది. ఎదురింటి టీచరమ్మ స్కూటరు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. "రోడ్డు బాగుందని సంతకం పెట్టింది మీవాడేనా?" అని అడిగింది. నువ్వు ఒక్కసారైనా వచ్చి చూశావా?

– మావయ్య

తా.క. ఎక్స్‌రే తీశారు. బూడిద బాగానే ఉందట, రాయి కాలేదట. వీధిలో ఉండాల్సింది నాలో ఉంది. నీళ్లు తాగుతున్నాను.

---

మావయ్యా,

రాలేదు. ఆఫీసులో కూర్చుని, కాంట్రాక్టరు తెచ్చిన కాగితాల మీద సంతకం పెట్టేశాను. ఆ మాటే ఇవాళ పైవాళ్లకి రాసిచ్చాను. ఉద్యోగం ఉంటుందని ఆశ లేదు. రేపు పొద్దున బస్సుకి వస్తున్నాను. ముందు టీచరమ్మగారింటికే.

– మీ మేనల్లుడు

తా.క. వీధి మొదట్లోనే దిగుతాను. ఎక్కడ కాలు దిగబడుతుందో నాకు తెలీదు. మీరొచ్చి చెయ్యి పట్టి తీసుకెళ్లండి.