ముఖం నాది, పేరు వాడిది

పియోరియా,
మే 9

ప్రియమైన ఓపల్ అక్కకి,

కార్డు దొరికింది. ఇరవై తొమ్మిదేళ్లు వెతికాను. నిన్న ఫైర్ స్టేషన్ హాల్లో కార్డుల సంత పెడితే, ఒక పెద్దావిడ అట్టపెట్టెలో అడుగున కనిపించింది. వందేళ్ల కిందట ఆటగాళ్ల బొమ్మలతో అమ్మిన బేస్‌బాల్ కార్డుల్లా చేసిందే. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, రంగులద్దిన బొమ్మ, కాలరున్న చొక్కా. కింద వాన్స్ టిలరీ అని పేరు. పైన ముఖం నాది.

"ఇందులో వాన్స్ భలే ఉన్నాడయ్యా. బయట ఇంత అందగాడేం కాదు," అంది ఆవిడ.

"కాదండీ," అన్నాను. పెద్ద లీగులో నేనాడిన తొమ్మిది ఆటల్లోనూ చేతికున్న గ్లవ్ ఆవిడకిచ్చి కార్డు తీసుకున్నాను.

జరిగిందంతా నీకెప్పుడూ చెప్పలేదు. ఆ ఏడాది మార్చిలో ఫ్లోరిడాలో మా జట్టు శిక్షణ శిబిరానికి ఈ పాతకాలం తరహా కార్డుల కోసం ఫోటోలు తీసేవాడొచ్చాడు. కార్డులకి ఎంపికైనవాళ్లకే పేర్లు కుట్టిన చొక్కాలిచ్చాడు, వాళ్లలో నేను లేను. రాత్రంతా తాగిన వాన్స్ మంచం దిగలేదు. "నా చొక్కా తొడుక్కుని నువ్వు కూర్చోరా మెర్ల్. ఎవడికి తెలుస్తుంది? నేను రాలేదంటే కోచ్ నన్ను పీకేస్తాడు," అని దుప్పటి కప్పుకున్నాడు. ఒకే గదిలో ఉండేవాళ్లం, కాదనలేకపోయాను. కార్డు బయటికొచ్చాక గుట్టు రట్టయింది. కంపెనీ కార్డుల్ని వెనక్కి తీసుకుంది. అప్పుడు వాన్స్ పేపరు వాళ్లతో, "పాపం, కార్డు మీద పడాలని వాడికి ఆశ. నా చొక్కా కాజేశాడు," అన్నాడు. ఆ వారమే నన్ను కింది లీగుకి తోసేశారు. చొక్కాదొంగ అన్న పేరు నాకంటే ముందే ఊరు చేరింది. నాన్న సెలూన్‌కి వెళ్లడం మానేశాడు. నేను తియ్యలేదు నాన్నా అని ఒకసారి చెప్పాను. ఆయన టీవీ చప్పుడు పెంచాడు. నువ్వు గిన్నెలు కడుగుతున్నావు.

ఈ శనివారం స్టేడియం గోడ మీద వాన్స్ పేరు పెడుతున్నారు. వాడి సంతకం కోసం అభిమానులు కట్టే వరసలో నేనూ నిలబడతాను. వాడి మనవల ముందు, కెమెరాల ముందు ఈ కార్డు పెట్టి ఇదెవడి ముఖమో చెప్పమంటాను. వాడి నోట మాట పెగలకూడదు. ఇన్నేళ్లూ నేను తిన్న అవమానం వాడు ఒక్క పూటలో తినాలి. నేను బతికింది ఇందుకేనేమో అనిపిస్తోంది.

నీ తమ్ముడు,
మెర్ల్

పియోరియా,
మే 17

అక్కకి,

వెళ్లాను. గంటన్నర నిలబడ్డాక నా వంతు వచ్చింది. కార్డు బల్ల మీద పెట్టి, అందరికీ వినబడేలా "ఈ ముఖం ఎవడిదిరా?" అన్నాను.

వాన్స్ కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "నీదేరా మెర్ల్. ఆ జుట్టంతా ఏమైంది?"

"చొక్కా ఎవడు కాజేశాడు?"

"ఎవడూ కాజెయ్యలా. నేనే ఇచ్చా. తాగి పడున్నానని తెలిస్తే నా పని అయిపోయేది. అందుకే నీ మీదికి తోశా." కెమెరా అతను మళ్లీ చెప్పమంటే మళ్లీ అదే చెప్పాడు.

"ఇన్నేళ్లూ నోరెందుకు విప్పలేదు?"

"ఎవడడిగాడు? మీ ఇంట్లోవాళ్లు ఫోన్ చేసి నిలదీస్తారని ఏడాది పాటు వణికిపోయా. ఎవరూ చెయ్యలా."

కార్డు మీద "ఇది నేను కాదు, మెర్ల్ స్ట్రౌడ్" అని రాసి సంతకం పెట్టాడు. చెయ్యి చాపాడు. నేను పట్టుకోలేదు. వాణ్ని క్షమించలేదు, క్షమించను కూడా. కానీ ఇంటికొచ్చే దారిలో నా కోపం వాడి దగ్గర నిలవలేదక్కా. వాడు రెండేళ్లు పక్క మంచం మీద పడుకున్న పరాయివాడు. ఉద్యోగం కోసం అబద్ధమాడాడు. అడిగిన నిమిషానికి నిజం చెప్పాడు. నువ్వు ప్రతి క్రిస్మస్‌కీ నా పక్కన కూర్చుని బంగాళాదుంపల గిన్నె అందించావు. ఆ చొక్కా తీశావా అని ఒక్కసారి కూడా అడగలేదు.

నా ఉత్తరానికి నీ జవాబు నిన్న అందింది. కార్డు దొరికినందుకు సంతోషమన్నావు. జరిగిపోయినవి ఇప్పుడెందుకు తవ్వడం అన్నావు. ఇంతా చదివాక కూడా నన్ను నమ్ముతున్నానని రాయడానికి నీకు చెయ్యి రాలేదు.

ఈ క్రిస్మస్‌కి నాకు కుర్చీ వెయ్యకు.

మెర్ల్ స్ట్రౌడ్