ఎత్తకముందే కట్ చేసిన కాల్

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి జోయల్‌కు అమ్మ దీవెనలు, ముద్దులు. ప్రభువు దయవల్ల నేను, మీ నాయన బాగున్నాం. మీ నాయన మోకాలు కూడా బాగానే ఉంది. చర్చికి నడవాలంటే నొప్పి, టీ అంగడికి పోవాలంటే మాయం. నీ సైనిక శిక్షణ అయ్యేదాకా ఫోను పైవాళ్ల దగ్గరే ఉంటుందని నువ్వు బాధపడ్డావు గానీ, నాకైతే అది మేలే అయింది. ఫోనులో ‘ఊ, ఆ, సరేలే’ తప్ప పలకని కొడుకు ఇప్పుడు నాలుగు పేజీలు రాస్తున్నాడు.

‘ఈ వయసులో నీకెందుకమ్మా ఆ కంప్యూటర్ ఫోన్ల తిప్పలు’ అని అడిగావు. ఒరేయ్, ఇరవై రెండేళ్లుగా ఆస్పత్రి ఫోను బోర్డు ముందు కూర్చున్న మనిషిని. ఏ డాక్టరు ఏ గదిలో టీ తాగుతున్నాడో నాకు తెలిసినంతగా ఆయన భార్యకు కూడా తెలియదు. ఆ పాత బోర్డు పీకేసి ఇంటర్నెట్ ఫోన్లు పెడుతున్నాం, నేర్చుకుంటే ఉంచుతాం, లేకపోతే రికార్డు గదికి మారుస్తాం అన్నారు. రికార్డు గదిలో ఎలుకలకు ఫోను కలపమంటావా? అందుకే నేర్చుకున్నాను.

నేర్పింది మహిత అని చంద్రగిరి అమ్మాయి. ఆ ఫోన్లు పెట్టడానికి వచ్చిన ఇంజనీరు. నీకంటే మూడేళ్లు పెద్ద. ‘ఆంటీ, మీకు ముందు సిగ్నలింగ్ చెప్తాను’ అని మొదలుపెట్టి గంటసేపు చెప్పింది. అంతా విని, ‘ఓస్, నేను చేసే పనే కదమ్మా ఇది’ అన్నాను.

నీకూ చెప్తాను, విను. ఒక ఫోను ఇంకో ఫోనును పిలిచినప్పుడు ముందు మాట పోదు. కబురు పోతుంది. ‘ఫలానా వాళ్లు పిలుస్తున్నారు, నాకు మాట వచ్చు, బొమ్మ కూడా వచ్చు, నీకేం వచ్చు’ అని. దాన్ని ఇన్వైట్ అంటారు. మధ్యలో ఉన్న సర్వర్, అవతలి ఫోను ఎక్కడుందో వెతికి ఆ కబురు అందిస్తుంది. అది ‘మోగుతున్నా’ అని జవాబిస్తుంది. ఎత్తగానే ‘ఓకే’ అంటుంది. ఇవతలిది ‘అందింది’ అంటుంది. అప్పుడు గానీ మాటా, బొమ్మా బయలుదేరవు. అవి పోయే దారి కూడా వేరే. పెట్టేసేటప్పుడు ‘బై’. ఇద్దరినీ కలిపి, వాళ్ల మాటల్లో చెవి పెట్టకుండా పక్కకు తప్పుకోవడం నేను ఇన్నేళ్లుగా చేస్తున్నదే. చెవి అసలు పెట్టలేదని మాత్రం ప్రమాణం చెయ్యను. ఇక, అవతల ఎత్తకముందే పిలిచినవాళ్లు మానుకుంటే దానికీ ఒక కబురు ఉంది. క్యాన్సిల్.

పోయిన జాబు అంత చిన్నదిగా ఎందుకు రాశావని అడిగావు. తలనొప్పి అని రాద్దామనుకున్నాను. నీకు అబద్ధం రాయబుద్ధి కాలేదు.

ఆపరేషనై ఇంటికి పోయిన రోగుల కోసం కొత్త ఫోన్లలో ఒక నంబరు పెట్టారు. వాళ్లు వీడియోలో పిలిచి కుట్లు చూపించవచ్చు. మేం ఎత్తలేకపోతే వాళ్ల నంబరు ఒక జాబితాలో చేరుతుంది, నర్సులు తిరిగి చేస్తారు. ‘ఆంటీ, ఒక రింగుకే కట్ చేసేవాళ్లను కూడా జాబితాలో వెయ్యాలా?’ అని మహిత నన్ను అడిగింది. ‘ఎందుకమ్మా, ఫోనుతో ఆడుకునే పిల్లకాయలు, తప్పు నంబర్లు. తీసెయ్’ అన్నాను. ఒక్క నిమిషం ఆలోచించలేదు. చూడు నా తెలివి! ఇంటికొచ్చేటప్పుడు పాకాలలో రైలెక్కితే ఒక రింగు, నాయనను స్టేషనుకు పంపమంటే రెండు రింగులు అని నీకు నేర్పిందే నేను. మిస్డ్ కాల్ మీద కొడుకును పెంచిన దాన్ని, మన జనం ఎందుకు కట్ చేస్తారో నాకు తట్టలేదు.

పులికాట్ ఒడ్డున రొయ్యలు పట్టే ఓబయ్యకు మా దగ్గర కాలికి ఆపరేషన్ అయింది. ఇంటికి పోయిన నాలుగో రోజు కుట్ల దగ్గర చీము పట్టింది. ఆయన భార్య తిరుమలమ్మ మా నంబరుకు ఒక రింగు ఇచ్చి, కట్ చేసి, డాక్టరు చేస్తాడని ఎదురుచూసింది. రెండు రోజుల్లో పదకొండు సార్లు. మా జాబితాలో ఒక్కటీ పడలేదు. మూడో రోజు ఆయన్ని బస్సులో వేసుకుని వచ్చేసరికి ఒళ్లు కాలిపోతోంది. కాలు తీసేయాల్సి వస్తుందేమో అన్నారు డాక్టర్లు.

విచారణ పెట్టారు. అందరి వేళ్లూ మహిత వైపే. ఆ అమ్మాయి నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఈ ముక్క రాయడానికే ఇంతసేపు ఫోన్ల పాఠం చెప్పాను జోయల్. చెబితే రికార్డు గదే కదా అని నాలుగు రోజులు నోరు మూసుకున్నాను. పని మానెయ్యమన్నారని నా ఎదురుగా ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ బ్యాగు సర్దుకుంటుంటే నేను డబ్బా తీసి చిత్రాన్నం తిన్నాను. ఆ చిన్న జాబు నీకు రాసింది ఆ రోజే. ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

ఐదో రోజు సూపరింటెండెంట్ శాంతయ్య గారి గదికి పోయి నిలబడ్డాను.

‘సార్, ఆ కాల్స్ తీసెయ్యమని చెప్పింది నేను. ఆ పాప తప్పేమీ లేదు.’

‘ఇన్ని దినాలు ఏం చేస్తా ఉంటివమ్మా?’

‘భయపడినాను సార్.’

 ఆయన మహితను పనిలో ఉండమన్నారు. నా సంగతి నెలాఖరుకు చెబుతామన్నారు. ఆ సాయంత్రమే నేనూ మహితా కూర్చుని, కట్ చేసిన కాల్స్ కూడా జాబితాలో, అందరికంటే పైన పడేటట్టు మార్చాం. నా మీద ఆ అమ్మాయికి కోపం పోలేదు. పని మాత్రం పక్కాగా చేసింది.

తర్వాత వార్డుకు పోయాను. దేవుడి దయ, ఓబయ్య కాలు దక్కింది. తిరుమలమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ‘ఎత్తిందాకా మోగించొచ్చు కదమ్మా’ అని కూడా అన్నాను, నా తప్పులో కాస్త ఆమె కొంగుకు ముడేద్దామని కాబోలు.

‘డాక్టర్లు పనిలో ఉంటారు గదా తల్లీ. ఊరికే మోగిస్తా ఉంటే ఇసుక్కుంటారని ఒక రింగిచ్చి ఊరుకుంటి. తీరిక సూసుకోని సేస్తార్లే అనుకుంటి’ అంది.

ఆమె చూపిన మర్యాదను నేను చెత్తబుట్టలో వేయించాను. అక్కడే ఏడ్చేశాను. ఆమె నన్ను ఓదార్చలేదు, ఓదార్చాల్సిన పనీ ఆమెకు లేదు. ‘ఇంక కట్ చేయొద్దు, నేను ఎత్తిందాకా మోగనీ’ అని చెప్పి వచ్చేశాను.

గురువారం వాళ్లు ఇంటికి పోయారు. నిన్న పొద్దున పది గంటలకు మూడు లైన్లు ఒకేసారి మోగుతున్నాయి. ఒకదాని మీద వాళ్ల నంబరు. ఒక రింగు, రెండు, మూడు. కట్ కాలేదు. మిగతావి వదిలి అదే ఎత్తాను. తెర మీద తిరుమలమ్మ ముఖం సగం, వెనకాల పడవ, నీళ్లు.

‘ఏమ్మా, కాలు ఎట్లుండాది? మళ్లీ చీము గానీ పట్టిందా?’

‘బాగుండాది తల్లీ. ఏం లేదు. ఎత్తుతావో లేదో సూద్దామని సేసినా.’

‘ఎత్తినాను కదా.’

‘ఆ. ఎత్తినావు’ అని పెట్టేసింది.

నెలాఖరుకు ఆస్పత్రివాళ్లు ఏమైనా చెప్పనీ నాయనా. రేపు పొద్దున ఎనిమిదికి మాత్రం ఆ ఫోను ముందు నేనే ఉంటాను.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
కృపారాణి