డెమో పేషెంట్

4 జూలై 1988, సోమవారం

కంప్యూటర్ గదిలోకి చెప్పులతో రాకూడదని బోర్డు పెట్టారు. చెప్పులే లేకుండా వచ్చిన ముసలివాళ్ళకు కూడా అటెండర్ అది చదివి వినిపిస్తున్నాడు.

ఇవాళ్టి నుంచి నేను ఈ ట్రస్టు దవాఖానలో కంప్యూటర్ ఆపరేటర్‌ని. అరవై దాటిన ప్రతి పేషెంటునూ ఒకే రకం ప్రశ్నలు అడగాలి. స్నానం ఎవరైనా చేయించాలా, ఇంట్లో ఎవరున్నారు, ఇవాళ ఏ వారం, ఇట్లాంటివి. జవాబులు టైప్ చేస్తే ఆ మనిషికి ఎంత సాయం కావాలో స్క్రీన్ మీద వస్తుంది. ప్రతి మంగళవారం ఫ్లాపీలు రైల్లో కేసముద్రం, డోర్నకల్ సెంటర్లకు పోతాయి. అక్కడివి మాకొస్తాయి. ముసలివాళ్ళు ఎక్కడికి పోయినా తమ బాధ మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోనక్కర్లేదు.

ఇదంతా సారంగపాణి సార్ ఆలోచన. మా సర్జన్. ప్రశ్నలన్నీ ఆయనే రాశారు. భార్య పోయాక ఇక్కడే హన్మకొండలో ఒక్కరే ఉంటున్నారు. ఇంటర్వ్యూలో ఎవరో సుల్తానా బేగం అనే నా పేరు దగ్గర ఆగితే, పేరు కింద మార్కులున్నాయి, అవి చదవండి అని సారే అన్నారట.

7 జూలై

నిన్న ఎవరితో మాట్లాడావమ్మా అని అడిగితే, బక్కమ్మ అనే పేషెంటు "మేకతోని" అన్నది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

11 జూలై, సోమవారం, మధ్యాహ్నం

డెమో బ్రహ్మాండం. ట్రస్టు పెద్దలంతా వచ్చారు. పేషెంటుగా ఎవరిని కూర్చోబెట్టాలి అంటే, సారంగపాణి సార్ తనే కుర్చీలో కూర్చున్నారు. ఆపరేషన్ థియేటర్ నర్సు భద్రమ్మక్క ప్రశ్నలు అడిగింది. నేను టైప్ చేశాను.

ఇది ఏ నెల అంటే మార్చి అన్నారు. అందరూ నవ్వారు. ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమంటే పద్నాలుగు దగ్గర ఆగి మళ్ళీ పైకి పోయారు. ఇంకా నవ్వారు. గొడుగు, చింతపండు, రైలు అని మూడు మాటలు చెప్పి, కాసేపాగి అడిగితే ఒక్కటీ చెప్పలేదు. ఎంత బాగా నటిస్తున్నారో అనుకున్నాను. రోజూ ఒకరు వెళ్ళి చూడవలసిన మనిషి అని కంప్యూటర్ తేల్చింది. ప్రింటర్‌లోంచి కాగితం వస్తుంటే చప్పట్లు కొట్టారు.

భద్రమ్మక్క ఒక్కతే నవ్వలేదు. ఇప్పుడు గుర్తొస్తోంది.

అదే రోజు, సాయంత్రం

అందరూ వెళ్ళిపోయాక సార్ నా గదిలోకి వచ్చారు. తలుపు దగ్గరే నిలబడి అడిగారు.

"డెమో ఎన్ని గంటలకమ్మా?"

12 జూలై

అన్నం సహించడం లేదు. జ్వరమేమోనని అమ్మీ నుదురు పట్టి చూసింది.

భద్రమ్మక్కకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను. లేచి తలుపు గడియ పెట్టింది. తెలుసట. నిరుటి నుంచీ తెలుసట. థియేటర్లో కేసు షీటు ఆమే పైకి చదువుతుందట. ఏ కత్తెర కావాలో సార్ అడగకముందే చేతిలో పెడుతుందట. ఆయన మరిచినా ఆయన చేతులు మరవలేదు అంటుంది. పోయిన నెల మాత్రం కుడివైపు కోయవలసిన చోట ఎడమవైపు కత్తి పెట్టబోతే మణికట్టు పట్టుకుని ఆపిందట.

"నేను పక్కన ఉంట కదనే. ఏం కానియ్య," అన్నది.

తన కొడుకు చచ్చిపోతున్నప్పుడు రక్తం ఇచ్చింది సారేనట. ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. మణికట్టు మాటే చెవిలో ఉంది.

గురువారం హెర్నియా కేసు ఉంది. పేరు రాజమల్లు. కేసముద్రం మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీ. ముప్పై నాలుగేళ్ళవాడు.

13 జూలై

సూపరింటెండెంట్ దగ్గరికి పోయాను. నువ్వు డాక్టరువా అన్నాడు. కంప్యూటర్ మాట పట్టుకుని ఇంత పెద్ద సర్జన్ మీద నింద వేస్తావా అన్నాడు. భద్రమ్మను పిలిపించాడు. ఆమె నా మొహం చూడకుండా, నాకేం తెలవదు సార్ అన్నది.

కంప్యూటర్‌లోంచి సార్ రికార్డు వెంటనే తీసేయమని ఆర్డర్. ఆయన ఎదుటే తీసేశాను.

ఆ రికార్డుతో సహా ఫ్లాపీలు నిన్నటి రైలుకే వెళ్ళిపోయాయి. ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. రేపు పొద్దున థియేటర్ తలుపుకు అడ్డంగా నిలబడాలి. నిలబడతానో లేదో.

14 జూలై, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎనిమిదింటికే థియేటర్ దగ్గరికి పోయాను. కేసముద్రం సెంటర్ హెల్త్ వర్కర్ యాకమ్మ రాజమల్లును వెంటబెట్టుకుని వచ్చింది. నన్ను చూసి, సంచిలోంచి ప్రింటవుట్ తీసింది. సార్‌ను ఆమె పెద్ద డాక్టర్‌గానే ఎరుగును, పేరు తెలియదు.

"సుల్తానా, మీరు పంపిన లిస్టుల గీ పెద్దమనిషి ఎవరు? ఒక్కడే ఉంటడట, రోజూ ఒకలు పోయి చూడాలెనట. హన్మకొండనే కదా. రాజమల్లును లోపలికి పంపి నేనే ఓసారి చూసొస్త."

"ఏ పెద్దమనిషి?" అని వెనక నుంచి సార్ గొంతు.

టోపీ, గౌను వేసుకుని ఉన్నారు. పక్కనే భద్రమ్మక్క. కాగితం తీసుకున్నారు. పేరు దగ్గర ఆగారు. తర్వాత ఒక్కొక్క జవాబూ చదివారు. తను రాసిన ప్రశ్నలు కదా, ఏ జవాబుకు అర్థమేమిటో ఆయనకంటే ఎవరికి తెలుసు?

"ఈ పరీక్ష ఎప్పుడు చేసిన్రు?"

నేనే అన్నాను. "సోమవారం సార్. డెమోలో."

ఆయనకు గుర్తు లేదు. భద్రమ్మక్క వైపు తిరిగారు. "నిజమేనా, భద్రమ్మా?"

"మీ చేతులు మంచిగనే ఉన్నయి సార్."

"చేతుల సంగతి అడుగలే."

సార్ టోపీ తీసేశారు. రాజమల్లు భుజం మీద చేయి వేశారు.

"ఇయ్యాల నీకు ఆపరేషన్ లేదు బిడ్డా. ఫికర్ చెయ్యకు. ఇంకో డాక్టర్ చేస్తడు."

రాజమల్లు మమ్మల్నందరినీ చూశాడు. నిన్న రాత్రి నుంచి ఏమీ తినలేదు పాపం. "అయితే చాయ్ తాగొచ్చునా సారూ?" అన్నాడు.

తాగమన్నారు సార్. ఆ తర్వాత తన గదికని నడిచి స్టోర్ రూమ్ వైపు పోతుంటే భద్రమ్మక్క వెళ్ళి మోచేయి పట్టుకుని తిప్పింది. ఈసారి అందరూ చూస్తుండగానే.

16 జూలై

రాజమల్లుకు వేరే సర్జన్ ఆపరేషన్ చేశాడు. బాగున్నాడు. రికార్డు బయటికి పోయిందని నాకు మెమో ఇచ్చారు. భద్రమ్మక్క నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేను మంచి పని చేశానని ఎవరైనా అంటే బాగుండు. ఎవరూ అనలేదు.

18 జూలై, సోమవారం

సార్ వచ్చారు. చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని, మొదటి నుంచి అడుగు అన్నారు. ఇంతకుముందు నేను నవ్వానా అని అడిగారు. నవ్వాను సార్ అన్నాను. "అయితే ఇప్పుడు నవ్వకుండ అడుగు."

అడిగాను. మార్చి అనలేదు. ఆలోచించి, తెలియదు అన్నారు. మీకు ఎవరైనా సాయం చేస్తారా అన్న ప్రశ్న దగ్గర చేయెత్తి ఆపారు.

"ఇది తప్పు రాసిన. మీ మరుపును ఎవరు దాస్తున్నరు అని అడగాలె. ప్రేమ ఉన్నోళ్ళే దాస్తరు."

ప్రశ్న మార్చాను. రేపటి ఫ్లాపీల్లో రెండు సెంటర్లకూ పోతుంది. గది బయట భద్రమ్మక్క నిలబడి ఉంది. విన్నది. లోపలికి వచ్చి ఆయన చెప్పులు వెతికి కాళ్ళ ముందు పెట్టింది. రోజూ వెళ్ళి చూసే మనిషి పేరు దగ్గర తన పేరు టైప్ చేయమంది.

21 నవంబర్

బెంచీ మీద ముసలివాళ్ళ మధ్యలో సార్ కూర్చున్నారు. నీకేం తక్లీఫ్ అయ్యా అని పక్కనున్న కట్టమ్మ అడిగింది.

"ఏం లేదమ్మా. ఈ పిల్ల మంచి మంచి ప్రశ్నలు అడుగుతదట. విందామని వచ్చిన."