చూశాను అన్నాను

నవంబరు 2

ఫారం వచ్చింది. ఒకే కాగితం. పైన నా నంబరు, సర్వీసు పద్దెనిమిదేళ్ల పది నెలలు అని టైపు చేసి ఉంది. కింద రెండు గళ్లు. మొదటిది, ఇంకో మూడేళ్లు కొనసాగుతాను. రెండోది, సర్వీసు ముగించుకుని వెళ్తాను. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టి, కవరు అంటించి, ముప్పయ్యో తేదీ సాయంత్రం ఐదులోపు ఆఫీసు క్లర్కుకి ఇవ్వాలి.

మేడమ్, మీకు ఆలోచించేదేముంది, మొదటి గడిలో కొట్టేసి ఇప్పుడే ఇచ్చేయండి, నాకో పని తగ్గుతుంది అన్నాడు క్లర్కు. పెన్ను మూత కూడా తీసి పట్టుకున్నాడు.

తర్వాత ఇస్తానన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు.

నవంబరు 3

ఈ రోజు తొమ్మిది పారాచూట్లు మడిచాను. పన్నెండు మడవాలి. పక్క టేబుల్ మీద తుఫాను పధ్నాలుగు మడిచింది. హాల్లో అందరికంటే ఆఖరున చేరిన అమ్మాయి. చేతుల వేగం చూసి ఆ పేరు పెట్టారు. నోటికీ సరిపోయింది. అక్కా, మీరు పారాచూటు మడుస్తున్నారా, దానికి జోల పాడుతున్నారా అంది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

తగ్గిన మూడింటి సంగతి ఏ రిజిస్టర్లోనూ ఉండదు. ఇక్కడ రాస్తున్నాను. మూడింటిని మడిచి, బ్యాగు మూసి, సంతకం పెట్టాక మళ్ళీ విప్పాను. మూడూ సరిగ్గానే ఉన్నాయి.

నవంబరు 5, ఉదయం 5.30

లెక్క వేశాను. సెప్టెంబరులో ఒకటి విప్పాను. అక్టోబరులో ఏడు. ఈ నెలలో ఇప్పటికి ఆరు. మొత్తం పధ్నాలుగు. తప్పు దొరికినవి, సున్నా.

తప్పు దొరికితే బాగుండేది. అది రాయడానికి నాకే విచిత్రంగా ఉంది. తప్పు దొరికితే కళ్లు పోయాయనో చేతులు మొద్దుబారాయనో అనుకుని రెండో గడిలో టిక్కు పెట్టేదాన్ని. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. అన్నిటికన్నా చిన్న వరస కూడా చదివాను. ఈ వయసులో ఈ చూపుంటే అద్దాల షాపులు మూసుకోవాల్సిందే అన్నాడు.

నవంబరు 7

ఆయనకి చెప్పాను, మానేద్దామా అని ఆలోచిస్తున్నానని.

మా ఆయనది కారు సీట్లకు కవర్లు కుట్టే షాపు. పదేళ్లుగా ఒకటే పాట. ఆ మిలిటరీ టోపీ అక్కడ పారేసి వచ్చి నా షాపులో కూర్చోవే, నువ్వు కుట్టు వేస్తే కారు అరిగిపోతుంది గానీ సీటు చిరగదు అనేవారు. ఇప్పుడు నేను నిజంగా అనేసరికి చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది. అంటే నిజంగానేనా అన్నారు. కత్తెర పక్కన పెట్టి, క్వార్టరు ఖాళీ చేయాలి కదా, అమ్మాయికి ఇది స్కూల్లో ఆఖరి ఏడాది కదా, తొందరేముంది, ఇంకోసారి ఆలోచించుకో అన్నారు.

మరి ఇన్నాళ్లూ రమ్మన్నారు కదా అన్నాను. రావని తెలిసే రమ్మన్నాను అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన మళ్ళీ కత్తెర అందుకున్నారు.

విప్పుతున్న సంగతి మాత్రం చెప్పలేదు.

నవంబరు 9

11.25కి ఒకటి విప్పాను. సరిగ్గానే ఉంది. మధ్యాహ్నం ఇంకొకటి. అదీ సరిగ్గానే ఉంది.

నవంబరు 12

మా జంప్ రోజు. మూడు నెలలకోసారి, మడిచినవాళ్లు తాము మడిచినదాంతోనే దూకాలి. ఏది అన్నది మన చేతిలో ఉండదు. మేజర్ గారు బ్యాగులు పెట్టే రాక్ దగ్గరికి వచ్చి, కార్డు మీద మన పేరున్న బ్యాగు ఏదో ఒకటి లాగి చేతిలో పెడతారు. వండినవాళ్లే ముందు తినాలి అనేవారు నాకు పని నేర్పిన మాస్టారు.

విమానం తలుపు దగ్గర వరసలో నాలుగోదాన్ని. దూకాను. లెక్క పెట్టాను. మూడు అనేలోపు తెరుచుకుంది. కాళ్లు కలిపి దిగాను. గడ్డి తడిగా ఉంది.

నా వెనకే దిగిన తుఫాను తన పారాచూటు గొడుగు చుట్టుకుంటూ, జోల పాడినా టైముకి నిద్ర లేచింది అక్కా మీది అంది.

హాలుకి వచ్చి కార్డు మీద తేదీ చూశాను. అది నేను విప్పి చూడనిది. ఒక్కసారే మడిచి వదిలేసినది. అది కూడా సరిగ్గా తెరుచుకుంది. మరి మిగతావి ఎందుకు విప్పుతున్నట్టు?

మధ్యాహ్నం రెండు విప్పాను.

నవంబరు 13

సెలవు. ఏదీ విప్పలేదు. గ్యాస్ కట్టేశానో లేదో చూడ్డానికి నాలుగుసార్లు లేచాను. అమ్మా, అది పారిపోదులే, కూర్చో అంది మా అమ్మాయి.

నవంబరు 16

రేడియో ఆపరేటర్ ఒకాయన, మనిషి పొడుగు, ఉదయం జంప్ చేసి హాలుకి వచ్చాడు. మామూలుగా ఎవరూ రారు. ఏమండీ, నాది కాస్త ఆలోచించి తెరుచుకుంది అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. చేతులు మాత్రం జేబుల్లోంచి తీయలేదు.

అతని పారాచూటు ఆరబెట్టే టవర్లో వేలాడదీసి చూస్తే, తాళ్ల గుత్తి మధ్య ఎర్ర పట్టీ ఉంది. తెగిపోయి ఉంది.

ఎర్ర పట్టీ అంటే, మడిచేటప్పుడు తాళ్లు జరగకుండా తాత్కాలికంగా చుట్టేది. బ్యాగు మూసే ముందు విప్పి టేబుల్ చివర కొక్కేనికి తగిలించాలి. విప్పకపోతే ఏమవుతుందో చెప్పడానికి మాస్టారు ఒక్క మాట కూడా వాడేవారు కాదు. చేయి పైకెత్తి, కిందికి దించేవారు. ఈ పట్టీ పాతది, పీచు లేచినది. అందుకే తెగింది. కొత్తదైతే తెగేది కాదు.

కార్డులో మడిచినవారు, తుఫాను. చూసినవారు, నేను. తేదీ నవంబరు 9.

నవంబరు 17

విచారణ ఇరవై నిమిషాలు పట్టింది.

పక్క పక్క టేబుళ్లవాళ్లు ఒకరివి ఒకరు చూడాలన్నది హాలు పద్ధతి. మడిచే మనిషి మూడు చోట్ల ఆగి, చేతులు వెనక్కి పెట్టుకుని, చూడు అనాలి. రెండో మనిషి వచ్చి చూసి, చూశాను అనాలి. ఆ మాట వినపడేదాకా చేతులు ముందుకి రాకూడదు. మూడోసారి ఆగేది ఎర్ర పట్టీ దగ్గరే. తాళ్లు చూడాలి, కొక్కెం చూడాలి, అప్పుడు అనాలి.

తుఫాను దాచలేదు. టేబుల్ చివరిదాకా నడవడం దండగని జేబులో ఇంకో పట్టీ పెట్టుకునేదాన్ని సార్, కొక్కేనికి ఒకటి ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది అని చెప్పింది. పధ్నాలుగు ఎలా వస్తున్నాయో అందరికీ అర్థమైంది.

మేజర్ గారు నన్నడిగారు, ఆ రోజు మీరు చూశారా అని.

గుర్తు లేదు సార్ అన్నాను. అబద్ధం కాదు. నిజంగానే గుర్తు లేదు.

కార్డులో మీ సంతకం ఉందిగా, మీ సంతకం అంటే నాకు చాలు, కొక్కేనికి పట్టీ ఉంటే ఎవరైనా మోసపోతారు అని, చూశారు అని రాసుకున్నారు. తుఫానుని మూడు నెలలు టేబుల్ నుంచి తప్పించి టవర్లో ఉతుకుడికి వేశారు.

వరండాలో ఆగి అడిగింది. అక్కా, మీరు చూశాను అన్నారు కదా, అందుకే కదా నేను మూశాను? ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది.

నవంబరు 18

పది విప్పాను.

నవంబరు 19, ఉదయం 6.00

తుఫాను కార్డులో మూడోసారి చూసిన టైము 11.20.

ఈ డైరీ వెనక్కి తిప్పాను. తొమ్మిదో తేదీ, 11.25కి ఒకటి విప్పాను అని నేనే రాశాను.

ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడే నా టేబుల్ మీద ఒకటి మూసి ఉంది. విప్పాలా వద్దా అని దాన్నే చూస్తున్నాను. పక్క నుంచి చూడు అన్న పిలుపు వినపడింది. చూశాను అన్నాను. తల తిప్పలేదు. వెళ్ళి కార్డులో సంతకం పెట్టి, తిరిగొచ్చి నాది విప్పాను.

నాది సరిగ్గానే ఉంది.

నవంబరు 22

మాస్టారింటికి వెళ్ళాను. మూడో అంతస్తు, ఒక్కరే ఉంటున్నారు. ఇరవై ఆరేళ్లు ఆ హాల్లో పని చేసిన మనిషి. ఇక వెళ్ళిపోవాలని మీకెప్పుడు తెలిసింది మాస్టారూ అని సూటిగా అడిగాను.

నాకెక్కడ తెలిసిందమ్మా, వయసైందని వాళ్ళు పొమ్మంటే వచ్చాను అన్నారు. ఆఖరి రోజు కూడా ఇంకో పది మడవగలననిపించిందిట. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది గానీ, మనిషి సంగతి ఏ మెతుకు పట్టి చూస్తామే అన్నారు. నీలాంటివాళ్లు ఉండాలి, నువ్వు పోతే ఆ హాలు దిక్కులేనిదవుతుంది అని కూడా అన్నారు.

విప్పుతున్న సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పకుండానే లేచాను.

మెట్ల మలుపులో చెప్పు పట్టీ ఊడితే ఆగాను. పైన మాస్టారు తలుపు గడియ వేసుకున్న చప్పుడు. తర్వాత తీసిన చప్పుడు. మళ్ళీ వేసిన చప్పుడు. తీశారు. వేశారు. నాలుగుసార్లు.

ఎన్నాళ్ళ నుంచి మాస్టారూ అని వెనక్కెళ్ళి అడగాలనిపించింది. హాల్లో ఉన్నప్పుడేనా, ఖాళీ అయ్యాకనా? కాలు పైకీ వెళ్ళలేదు, కిందికీ దిగలేదు. చివరికి దిగి వచ్చేశాను.

నవంబరు 24

మేజర్ గారికి అంతా చెప్పాను. నేను చూడలేదని. చూస్తే కనిపించేదో లేదో కూడా తెలియదని, ఎందుకంటే చూడలేదని. ఇప్పటిదాకా ముప్పై నాలుగు విప్పానని.

ముప్పై నాలుగింట్లో ఎన్ని తప్పులు అన్నారు. ఒక్కటీ లేదన్నాను. అయితే బాధేముంది, జాగ్రత్త ఎక్కువైందని ఎవరైనా ఉద్యోగం మానేస్తారా అన్నారు. మంచి వార్త కూడా ఉందట. ఫారంలో మొదటి గడిలో టిక్కు పెడితే జనవరి నుంచి నాకు మడత పని ఉండదు. హాలు మొత్తానికి చూసే మనిషిని నేనే. రోజుకి నూట యాభై బ్యాగులు, ఒక్కోదానికి మూడుసార్లు. నాలుగువందల యాభై సార్లు చూశాను అనాలి.

విచారణలో నా మాట మార్చి రాయమన్నాను. మూసిన ఫైలు నేను మళ్ళీ విప్పను అన్నారు. కొంచెం అసూయ కలిగింది.

బయటికొచ్చి ఒక పేజీ నేనే రాసి, ఆఫీసులో ముద్ర వేయించుకుని ఇచ్చాను.

నవంబరు 27

నా పేజీ ఫైల్లోకి ఎక్కింది. నా రికార్డులో హెచ్చరిక పడింది. తుఫానుకి మూడు నెలలు ఒక నెలకి తగ్గాయి. తప్పు సగం నాది అని రాశాను. మూడింట రెండు వంతులు అనుకున్నారేమో, అలా కోశారు. హెచ్చరిక ఉన్నా మొదటి గడికి అడ్డం లేదని క్లర్కు ధైర్యం చెప్పాడు.

తుఫాను టవర్ నుంచి తడి చేతులతో వచ్చింది. థాంక్స్ చెబుతుందనుకున్నాను. అక్కా, మీరు వెళ్తే మీ టేబుల్ ఎవరికిస్తారు, దానికి కొక్కెం దగ్గరగా ఉంటుంది అంది. తర్వాత ఏడ్చింది. నాకేం చేయాలో తోచక, టేబుల్ దగ్గరికి తిరిగొచ్చాక జేబుల్లేని బట్టలే వేసుకో అన్నాను.

నవంబరు 29

ఆయనకి అంతా చెప్పాను. విని, సరే, కుట్టు మిషన్ కిటికీ దగ్గరికి జరుపుతాలే అన్నారు. ఇంకా నిర్ణయించుకోలేదన్నాను. జరిపితే తప్పేముంది, వెలుతురు నాకూ కావాలిగా అన్నారు.

నవంబరు 30, ఉదయం 6.10

రెండో గడిలో టిక్కు పెట్టాను.

కళ్లు బాగున్నాయి. చేతులు బాగున్నాయి. నేను మడిచినవన్నీ తెరుచుకున్నాయి. ఏ లెక్కన చూసినా ఉండాలి. ఆ పొడుగాయన జేబుల్లోంచి చేతులు తీయకపోవడం ఒక్కటే ఈ లెక్కలో ఎక్కడ వేయాలో తెలియడం లేదు. సరైన పని చేస్తున్నానో, పారిపోతున్నానో అదీ తెలియడం లేదు. కవరు అంటించాను.

ఉదయం 6.40

ఏ గడిలో పెట్టానో అనుమానం వచ్చింది. చింపి చూశాను. రెండోదే. అమ్మాయి పుస్తకాల సంచీలోంచి ఇంకో కవరు తీసుకున్నాను.

మధ్యాహ్నం 1.15

చింపాను. రెండోదే. క్లర్కు మూడో కవరు ఇస్తూ, మేడమ్, ఇది ప్రేమలేఖ కాదు కదా అన్నాడు.

సాయంత్రం 5.10

4.50కి ఇచ్చేశాను. అంటించే ముందు సరిగ్గా చూసుకున్నారా మేడమ్ అన్నాడు. చూశాను అన్నాను.

అతను నవ్వుతుంటే కిందికి చూసుకున్నాను. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నాను.