ఓబుళమ్మ వెంట వెళ్లిన ఇల్లు

అనంతపురం జిల్లా,
ఆదివారం మధ్యాహ్నం.

అన్నయ్యకు నీ చెల్లెలు సుశీల నమస్కరించి రాస్తున్న సంగతులు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ వదినా పిల్లలూ అమ్మా కులాసాగా ఉన్నారని నమ్ముతాను. అమ్మ మోకాళ్లకు నేను పంపిన నూనె రాస్తోందా, సీసా అలమరలోనే ఉందా? నాకు తెలుసు, అలమరలోనే ఉంటుంది.

ఇక్కడ శ్రావణం వచ్చినా వాన లేదు. వేరుశనగ విత్తనాలు ఇళ్లలోనే ఉన్నాయి. ఉతికిన తెల్లచీర ఆరేలోపే దుమ్ముకు ఎర్రబడుతుంది. రాగిసంగటి తినడం నేర్చుకున్నాను. నమలకుండా మింగాలట. ఆ సంగతి తెలియక మొదటి వారం దవడలు నొప్పి పుట్టాయి. చేపల పులుసు మాట మాత్రం ఎత్తకు.

పోయిన ఉత్తరంలో బదిలీ చేయించమని, ఎందుకని అడగొద్దని రాశాను కదా. ఇప్పుడు చెబుతాను. కంగారుపడకు, అమ్మకు ఇది చదివి వినిపించకు. బత్తలపల్లి అవతలి పల్లె నుంచి ఒకమ్మాయి మా ఆసుపత్రికి కాన్పుకు వచ్చింది. బిడ్డ క్షేమంగా పుట్టాడు, తల్లికి రక్తం ఆగలేదు. డాక్టరుగారూ నేనూ చేయగలిగిందంతా చేశాం. పెద్దాసుపత్రికి జీపులో తీసుకెళ్తుంటే దారిలోనే, నా చేయి పట్టుకునే పోయింది. ఆ తర్వాత కాన్పుల గది గుమ్మం దగ్గరికి వెళ్తే చాలు, నా చేతులు వణికేవి. డ్యూటీ మార్చమంటే డాక్టరుగారు మారుమాట లేకుండా మార్చారు. ఇరవై రోజులు ఓపీలో చీటీలు రాస్తూ గడిపాను. అన్నం సహించేది కాదు. ఈ పనికి ఇక పనికిరానేమోనని నిజంగా భయపడ్డాను అన్నయ్యా.

ఒకరోజు మా ఆయా ఓబుళమ్మ వచ్చి, "ఎన్ని దినాలు ఈడ దాంకోనుంటావు సిస్టరమ్మా? పా, ఆ ఇంటికి పోయొద్దాం" అంది.

వాళ్లు తిడతారేమో అన్నాను.

"తిడితే పడదాం. డాక్టరప్పను గూడా ఇట్లే పిల్చుకోని పోయినా. ఒగ ఇంటికి కాదు, శానా ఇండ్లకు."

ఎప్పుడూ చిరచిరలాడే డాక్టరుగారు ఈమె వెనక అలా నడిచి వెళ్లారంటే నమ్మలేకపోయాను. నేనైతే బస్సు దిగగానే వెనక్కి వెళ్లే బస్సు ఎప్పుడని అడిగాను.

చనిపోయిన అమ్మాయి అత్త మమ్మల్ని చూసి చాప పరిచింది. బిడ్డను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఓదార్చాల్సినదాన్ని నేనే ఏడ్చేశాను, సిగ్గేసింది. ఆమె కళ్లు తుడుచుకుని, "నీ తప్పేముండాదమ్మా? జీపులో దాని సెయ్యి ఇడసకుండా పట్టుకోనుంటివి. నేను పక్కనే ఉంటి గదా" అంది. చిన్నకోడలిని పిలిచింది. ఆ పిల్లకు నిండు నెలలు. "దీన్ని గూడా నీ దగ్గరికే తోలుకొస్తా" అంది. నేను ఓపీకి మారిపోయానని చెప్పకుండానే తలూపాను.

మొన్న గురువారం పొద్దున అన్నట్టుగానే తీసుకొచ్చింది. ఈ కాన్పు నేనే చూస్తానని డాక్టరుగారితో చెప్పాను. "పక్క గదిలోనే ఉంటా, పో" అన్నారు. చేతులు వణకలేదని అబద్ధం రాయను. వణుకుతూనే పని చేశాయి. ఆడపిల్ల. తల్లీ బిడ్డా ఈ పొద్దునే క్షేమంగా ఇంటికి వెళ్లారు.

వదినను కాసిని ఎండురొయ్యలు పంపమను. అమ్మకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నాకు మీ అందరి దీవెనలు కావాలి. ఆ బదిలీ అర్జీ ఎవరికైనా ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకో. నా కోసం ఎన్ని గడపలు ఎక్కావో తెలుసు, వచ్చినప్పుడు తిట్టు, పడతాను. రేపటి నుంచి నాకు కాన్పుల గదిలోనే డ్యూటీ.

నీ చెల్లెలు,
సుశీల