రంగూన్ మార్తమ్మ గారి అధ్యక్షోపన్యాసం

హంసలదీవి, 1958 జూలై

బందరు హెడ్మాస్టరు పూర్ణచంద్రరావు గారికి వందనాలు.

నా పేరు మార్తమ్మ. వయసు డెబ్బై పైమాటే. ఇంట్లో నేనూ, తల్లీతండ్రీ లేని మనవరాలు కృపావతీ, పాలివ్వని గేదే. మీ బడిలో పిల్ల సైన్సు కావాలంటే సంగీతంలో వేశారట. దాని గొంతు విన్నారా? గేదె మేత మానేస్తుంది. నేను రంగూన్ మిషను ఆడపిల్లల బడిలో పన్నెండేళ్ళు పనిచేసినదాన్ని. అక్కడ పొద్దున కప్పను కోసిన పిల్లే సాయంత్రం బొమ్మలు గీసేది. సింహళం నుంచి వచ్చిన పిల్లలూ అంతే. మగాళ్ళకి సైన్సు, ఆడాళ్ళకి సరిగమలు అని ఎవరూ వాటాలు పంచలేదు. వెంటనే మార్చండి.

మార్తమ్మ చెప్పగా రాసినది దేవసహాయం

తా.క.: "ఈ హెడ్మాస్టరుకి బుర్ర లేదు" అన్నది రాయొద్దన్నాను. రాసేశాడేమో చూసుకోండి.

మచిలీపట్నం

విద్యావేత్త మార్తమ్మ గారికి నమస్కారములు.

విదేశాల్లో బోధించినవారు, ఉత్తరాలకు సెక్రటరీ ఉన్నవారు మన దివిసీమలో ఉన్నారని తెలియకపోవడం మా దురదృష్టం. మా వార్షికోత్సవంలో "ఇరుగుపొరుగు దేశాల్లో విజ్ఞానం, కళల చదువులు" అనే సభకు తమరే అధ్యక్షులు.

విధేయుడు, పూర్ణచంద్రరావు

తా.క.: మనవరాలి సీటుకు రూల్సు ఒప్పుకోవు.

హంసలదీవి

అయ్యా, వందనాలు.

అన్నం అడిగితే పన్నీరు చల్లుతారేం? నాకు చదువు రాదు. ఆ బడిలో పిల్లలు నా చేతి మీదుగా పెరిగారు, అంతే. సభ వద్దు, సీటు కావాలి.

మార్తమ్మ చెప్పగా దేవసహాయం

తా.క.: ఇతను సెక్రటరీ కాదు, మా చర్చిలో గంట కొడతాడు.

మచిలీపట్నం

పూజ్యులకు నమస్కారములు.

"నాకు చదువు రాదు" అన్న వాక్యానికి మా తెలుగు మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. నిండుకుండ తొణకదు! ఆహ్వానాలు అచ్చయ్యాయి. తప్పక రావాలి.

విధేయుడు, పూర్ణచంద్రరావు

తా.క.: అధ్యక్షులు వేదిక మీద ఏది ప్రకటిస్తే అది అమలు చేయడం మా బడి ఆచారం. కిందటేటి అధ్యక్షులు మర్నాడు సెలవు ప్రకటించారు.

మచిలీపట్నం, హెడ్మాస్టరు గది

హెడ్మాస్టరు గారికి వందనాలు.

రేపు మీరు మాట మార్చకుండా, సభ అవగానే మీ ఎదురుగానే కూర్చుని రాయిస్తున్నాను. నా పేరు మార్తమ్మ. రంగూన్ బడిలో నేను చేసిన పని వంట. ఈ మాట మైకులో చెప్పగానే మీరు గ్లాసుడు నీళ్ళు గడగడా తాగారు. నన్ను దింపే వీల్లేదు, అప్పటికే మెళ్ళో దండ పడింది. పిల్లలంతా సెలవు కోసం చెవులు రిక్కించారు. నేను సెలవివ్వలేదు. ఆడపిల్లలకి సైన్సు గది తెరవాలని ప్రకటించాను. ఆచారం మీదే, ఉత్తరం మీదే.

మార్తమ్మ వేలిముద్ర

సాక్షులు: దేవసహాయం, పూర్ణచంద్రరావు, హెడ్మాస్టరు (గత్యంతరం లేక)
రాసినది: కృపావతి, సైన్సు గ్రూపు

తా.క.: రూల్సు అడ్డమని మీరు ఇంకా నసుగుతుంటే, సరే అనమని మిమ్మల్ని బతిమాలినది సంగీతం మాస్టారు. సభలో ప్రార్థన కృపావతే పాడింది.