నల్లరాతి మీద పేరు

మదరాసు,
4 జూన్ 1956

నాయనకు అల్లా బాషా సలాం చేసి రాసుకునేది.

నేనిక్కడ క్షేమం. మీరు, అమ్మ, చెల్లెలు మాబూబీ క్షేమమని తలుస్తాను.

బి.ఏ.లో నేనే మొదటివాణ్ణి! ఎం.ఏ.లో సీటు ఇస్తామంటున్నారు. ఇంకో రెండేళ్లు చదవడానికి మీరు ఒప్పుకోవాలి. నాయనా, ఈ యూనివర్సిటీ వదిలి రావాలని లేదు. కట్టి ఎనభై ఏళ్లయింది. పెద్ద పెద్ద గుమ్మటాలు, మూలమూలకూ మినార్లు. మెట్లు మధ్యలో అరిగి గుంటలు పడ్డాయి. వాటిలో కాలు పెట్టి ఎక్కుతుంటే, నాకంటే ముందు చదివినవాళ్లంతా రారా అని పిలుస్తున్నట్టుంటుంది.

అసలు సంగతి మరిచాను. పెద్ద హాలులో నల్లరాతి పలక ఉంది. ఏటా మొదటివాడి పేరు దాని మీద చెక్కుతారు. ఈ నెలాఖరుకు నాదీ చెక్కుతారు.

మీ కుమారుడు,
అల్లా బాషా

తా.క. రాయి మన వైపుదే అనుకుంటా. మీరు చూస్తే సంతోషిస్తారు.

ఎర్రగుంట్ల,
9 జూన్

అబ్బాయి అల్లా బాషాకు నాయన ఖాసిం సాహెబ్ దీవించి రాయునది.

నీ ఉత్తరం మాబూబీ గట్టిగా చదివింది. పేరు చెక్కే మాట రాగానే మీ అమ్మ చేతిలో చెంబు జారింది. "నా బిడ్డకు ఏమయింది? వాని పేరు రాతి మీద ఎందుకు ఎక్కిస్తాండారు?" అని ఒకటే ఏడుపు.

ముప్ఫై ఏళ్లుగా సమాధిరాళ్ల మీద పేర్లు చెక్కుతున్నాను. ఇంతవరకు ఒక్కడైనా వచ్చి, సాహెబూ, నా పేరు బాగా చెక్కావు అన్నవాడు లేడు. పైగా గుమ్మటాలంటున్నావు. కర్నూలులో హంద్రీ ఒడ్డున సమాధి మీది గుమ్మటం నీకు చిన్నప్పుడే చూపించాను. దాని కింద ఎవరైనా చదువుకుంటున్నారా?

పేరు చెక్కనివ్వకు. ఎం.ఏ. వద్దు, వెంటనే రా.

నీ మేలు కోరే నాయన,
ఖాసిం సాహెబ్

తా.క. మెట్లు అరిగితే రాళ్లు తిరగేసి వేయించాలి. మురిసిపోవడమెందుకు?

మదరాసు,
13 జూన్

నాయనకు సలాం.

మీరు పొరబడ్డారు. ఇది బతికున్నవాళ్లకు చేసే గౌరవం. ఆ రోజు మేమంతా మెడ నుంచి మడమల దాకా నల్లటి అంగీలు వేసుకుంటాం. గంట మోగుతుంది. ఒకరి వెనక ఒకరం, నోరు మెదపకుండా హాలులోకి నడుస్తాం. ఒక పెద్దాయన నా పేరు చదువుతాడు. అందరూ లేచి తలవంచి నిలబడతారు. ఇందులో భయపడటానికి ఏముంది?

మీ అల్లా బాషా

తా.క. పలక మీది వాళ్లు ఇప్పుడెలా ఉన్నారని గుమాస్తాను అడిగాను. మొదటి ఇరవైమంది పోయారట. తక్కినవాళ్ల సంగతి ఆఫీసుకు తెలియదట.

ఎర్రగుంట్ల,
17 జూన్

అల్లా బాషాకు,

నల్లబట్టలు, గంట, మాట లేని నడక, తలవంచుకున్న జనం. ఇంకా ఏముందని అడుగుతున్నావు! మీ అమ్మ మంచం దిగడం లేదు. పక్కింటి గిడ్డమ్మ పరామర్శకు వచ్చి, "శానా మంచి పిల్లోడుండె" అని నువ్వు లేనట్టే మాట్లాడి పోయింది.

ఈ వారంలో రాకపోతే నేనే వచ్చి లాక్కొస్తాను.

నిద్ర లేని నాయన,
ఖాసిం సాహెబ్

తా.క. ఎం.ఏ. చదివినవాడి పేరు చెక్కరంటే మాత్రం ఆలోచిస్తాను.

మదరాసు,
21 జూన్

నాయనకు,

మిమ్మల్ని ఏడిపించి నేను చదవలేను. నా పేరు చెక్కవద్దని, ఎం.ఏ. సీటు కూడా వద్దని ఆఫీసులో కాగితం రాసిచ్చాను. ఎల్లుండి రైలెక్కుతున్నాను. ఇవాళ ఆ మెట్లన్నీ ఒకసారి ఎక్కి దిగాను. దుఃఖం ఆగలేదు.

అల్లా బాషా

మదరాసు,
25 జూన్

నాయనా అల్లా బాషా,

నీ గదిలో కూర్చుని రాస్తున్నాను. నువ్వు ఊరికి పోయావని ఇక్కడికొచ్చాకే తెలిసింది; ఈపాటికి మన ఇంట్లో ఉంటావు. మన రైళ్లు దారిలో ఎక్కడో ఎదురుపడి ఉంటాయి.

ఒకవేళ నీ పేరు చెక్కేసి ఉంటే చెరిపేద్దామని ఉలి, సుత్తి తెచ్చుకున్నాను. హాలులోకి పోయి తలెత్తి చూశాను. గుమ్మటం కింద అంత వెలుతురు ఉంటుందని నాకు తెలియదు. రాతికీ రాతికీ నడుమ గోరు దూరదు. ఎవరు కట్టారో గాని వాళ్ల చేతులకు సలాం.

అంతలో చేతికర్రతో ఒక ముసలాయన వచ్చాడు. నెల్లూరు మనిషట. పలక మీద ఒక పేరును వేలితో తడిమి, "ఇది నేనే" అన్నాడు. నమ్మలేక ఆయన చెయ్యి పట్టుకుని చూశాను. వెచ్చగా ఉంది! తన పేరు తాను చదువుకునే మనిషిని ఇన్నేళ్లకు చూశాను. నా కళ్లు నిండాయి. ఈ ఏడు ఎవరిదని అడిగాడు. "మా పిల్లోనిదే సామీ" అన్నాను.

నువ్వు రాసిచ్చిన కాగితం గుమాస్తా చేత చింపించాను. సీటు ఉంచుతామన్నారు. ఇంగ్లీషులో నీ పేరు సుద్దముక్కతో రాయించుకుని, నేనే చెక్కాను. ఒక్క గీత తప్పలేదు.

అందిన వెంటనే బయలుదేరు. అమ్మను, మాబూబీని కూడా తీసుకురా.

నీ నాయన,
ఖాసిం సాహెబ్

తా.క. నీ పేరు కింద ఆరు వరసలు వదిలి, ఏడో వరసకు ఉలితో సన్నగా గీత గీశాను. అదెవరికని గుమాస్తా అడిగాడు. మాబూబీ హైస్కూల్లో నాలుగో ఫారంలో చేరింది, బి.ఏ. అయ్యేసరికి ఏడేళ్లు అని చెప్పాను.